వీపున బిడ్డ – వెనక చూపు

తెనాలి నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరు గారికి నమస్కారములు. మా బాబుకు ఏడాదిన్నర నిండింది. వాడు కడుపున ఉన్నప్పుడు మొక్కుకొన్న మొక్కు ఒకటి ఉంది. వచ్చే నెలలో అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్ళాలనుకొంటున్నాము. అంత దూరం వాణ్ణి చంకన మోయడం నా వల్ల కాదు. మా మరిది వీపుకు తగిలించుకొనే సంచీలు ఫోనులో చూపిస్తున్నాడు. 800 రూపాయల దగ్గర్నుంచి 20,000 దాకా ఉన్నాయి. మా అత్తగారేమో, అందులో కూచోబెడితే బిడ్డకు నడుం వంగిపోతుందనీ, దొడ్డికాళ్ళు వస్తాయనీ అంటున్నారు. అసలు కొనవచ్చునా? కొంటే ఎటువంటిది కొనాలి?"

ఇటువంటి ప్రశ్న ఈమధ్య మా ఆసుపత్రి ఓ.పి.లో కూడా తరచు వినబడుతోంది. సెలవులు వచ్చాయంటే చాలు, చంటిపిల్లలతో సహా అందరూ ప్రయాణం కడుతున్నారు. "క్యారియర్ కొనమంటారా డాక్టరు గారూ?" అని అడిగితే, అన్నం క్యారియర్ గురించి నన్నెందుకు అడుగుతున్నారా అనుకొనే తరం నాది! ఇప్పుడు క్యారియర్ అంటే బిడ్డను పెట్టుకొనే సంచి అని నాకూ అలవాటైపోయింది.

ముందుగా ఆ సోదరికి ఒక్క మాట. కొనవచ్చు. కాని అది బిడ్డకు సరిపడేదై ఉండాలి, మోసే మనిషికీ సరిపడేదై ఉండాలి. ఈ రెండూ కుదిరినా, దాన్ని వాడే పద్ధతి తెలియకపోతే ముప్పు తప్పదు. ఆ సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. అనుభవించి చెబుతున్నాను.

చంకకూ వీపుకూ తేడా

బిడ్డను ఎత్తుకోవడం మనకు ఒకరు నేర్పాలా? చంకన వేసుకోవడం, ఉప్పుమూట ఎక్కించుకోవడం, తిరునాళ్ళలో భుజాల మీద కూచోబెట్టుకోవడం తరతరాలుగా వస్తున్నవే. కొండ ప్రాంతాల్లో పనికి వెళ్ళే తల్లులు పాతచీరతో బిడ్డను ఒంటికి కట్టుకొని కట్టెలు కొట్టుకొస్తారు. పడమటి దేశాల వాళ్ళు ఈ విద్యను ఇతరులను చూసి నేర్చుకొన్నారు. 1960లలో ఆఫ్రికాలోని టోగో దేశంలో పనిచేసిన ఆన్ మూర్ అనే అమెరికన్ నర్సు, అక్కడి తల్లులు బిడ్డల్ని గుడ్డతో వీపున కట్టుకొని హాయిగా తిరగడం చూసింది. స్వదేశం వెళ్ళాక తన బిడ్డ కోసం అటువంటి సంచి కుట్టించుకొంది. 1969లో దానికి పేటెంటు వచ్చింది. ఇవాళ బజారులో దొరికే మెత్తటి సంచీలు చాలావరకు ఆ బాటలో వచ్చినవే.

చంకన ఎత్తుకొంటే మన నడుం ఒక పక్కకు వాలుతుంది. ఒక చెయ్యి పూర్తిగా బిడ్డకే పోతుంది. వీధి చివరిదాకా వెళ్ళి రావడానికి పరవాలేదు. మూడు నాలుగు గంటలు మెట్లెక్కాలంటే నడుం పట్టేస్తుంది, కాలు జారితే పక్కనున్న కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఉప్పుమూటలో బిడ్డే మన మెడ పట్టుకోవాలి. నిద్ర వస్తే పట్టు వదిలేస్తాడు. భుజాల మీద ఎక్కించుకొంటే బిడ్డ తల నేలకు ఆరేడు అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి జారితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. అంచేత దూరపు నడకకు పట్టీలున్న సంచి మంచిదే.

అయితే చంకలో ఉన్న బిడ్డతో ఒక సౌకర్యం ఉంది. ముఖం మన కళ్ళ ముందే ఉంటుంది. మొహం ఎర్రబడినా, తల వాలినా, నోట్లో ఏదైనా పెట్టుకొన్నా వెంటనే తెలుస్తుంది. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అని మనకో సామెత ఉంది. వీపున బిడ్డను పెట్టుకొన్నవాడు ఊరంతా వెతకనక్కరలేదు గాని, వెనక బిడ్డకు ఏమవుతోందో మాత్రం వాడికి తెలియదు. ఈ విషయంలో అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

నేను చేసిన పొరపాటు

1999 మే నెల. మా అమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. నేనూ మా ఆవిడా అలిపిరి నుంచి నడక మొదలుపెట్టాము. తెల్లవారుజామునే బయలుదేరాలనుకొన్నాము గాని, బస్సు ఆలస్యమై పాదాల మండపం దగ్గరకు చేరేసరికే ఎండ చురుక్కుమంటోంది. బజారులో కొన్న గుడ్డ సంచి ఒకటి మా దగ్గర ఉంది. నిజానికి అది నెలల పిల్లలను ఎదురు రొమ్ముకు కట్టుకొనేది. దాన్నే తిప్పి వీపుకు తగిలించుకొన్నాను. కాళ్ళ మధ్య గుడ్డ నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే ఉంది. నడుముకు పట్టీ లేదు. బరువంతా నా భుజాల మీద, పిల్ల బరువంతా ఆ నాలుగు వేళ్ళ గుడ్డ మీద.

గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి. పిల్ల మొదట్లో కాళ్ళు ఆడించింది, నా జుట్టు పీకింది, కోతుల్ని చూసి కేకలు వేసింది. తరవాత కొంతసేపు ఏడ్చింది. ఆ తరవాత ఊరుకొంది. దారిలో వాళ్ళు, "ఎంత బుద్ధిగా కూచుందండీ మీ పాప!" అన్నారు. నేను మురిసిపోయాను. మా ఆవిడ రెండుసార్లు, "ఏమండీ, ఒక్కసారి దించి చూద్దాం" అంది. "నిద్రపోతోంది, లేపకు. డాక్టర్ని నేనా నువ్వా?" అన్నాను.

గాలిగోపురం దగ్గర మజ్జిగ అమ్ముతున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఏంది నాయనా, బిడ్డ ఇట్టా తల వాల్చేసింది! ముందు దించు" అంది. దించాను. ఒళ్ళు కాలిపోతోంది. మొహం కందిపోయింది. పిలిస్తే కళ్ళు సగమే తెరుస్తోంది. తొడల లోపలి వైపు గుడ్డ అంచు కోసుకొని ఎర్రటి గాడి పడింది. పాదాలు రంగు మారాయి. చెడ్డీ పొడిగా ఉంది. పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదన్నమాట.

నీడలో పడుకోబెట్టి బట్టలు విప్పి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి విసిరాము. కొంచెం తెలివి రాగానే ఓఆర్‌ఎస్ నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా తాగించాము. అరగంటకు కళ్ళు తెరిచి వాళ్ళమ్మను పిలిచింది. గంటకు ఒంటికి పోసింది. అప్పటికి నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంకో గంట అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో, రోజూ పిల్లల వార్డులో తిరిగే నాకు తెలుసు.

పిల్ల ఊరుకొన్నది సుఖంగా ఉండి కాదు, ఏడ్చే ఓపిక లేక. వీపున ఉన్న బిడ్డ కిమ్మనకుండా ఉంటే మురిసిపోకండి, దించి చూడండి. ఇవాళ నేను చెప్పదలచుకొన్నదాంట్లో ముఖ్యమైనది ఇదే. మిగతాదంతా దీని తరవాతే.

ఏ వయసు నుంచి?

బిడ్డ ఎవరి ఆసరా లేకుండా తనంతట తాను కూచోగలిగి, మెడ గట్టిగా నిలపగలిగినప్పుడే వీపున పెట్టుకోవాలి. చాలామంది పిల్లలకు ఇది 6 నుంచి 9 నెలల మధ్య వస్తుంది. కమ్ములతో చేసిన గట్టి సంచీలకైతే కంపెనీవాళ్ళు ఇంత బరువు నుంచి ఇంత బరువు దాకా అని రాసి ఉంచుతారు. అది చదవండి. కొందరు బిడ్డ బరువు ఒక్కటే రాస్తారు. కొందరు బిడ్డ, సామాను, సంచి మూడూ కలిపి రాస్తారు. ఆ తేడా గమనించండి.

అంతకన్న చిన్న బిడ్డలను ముందువైపు, మన రొమ్ముకు ఎదురుగానే పెట్టుకోవాలి. మొహం ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. మనం తల వంచితే బిడ్డ నుదుటికి ముద్దుపెట్టుకొనేంత దగ్గరలో ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆనుకోకూడదు. బిడ్డ గడ్డానికీ రొమ్ముకూ మధ్య కనీసం రెండు వేళ్ళు దూరాలి. పసివాళ్ళ గొంతు గొట్టం మెత్తన. తల ముందుకు వాలితే ఊపిరి ఆడదు, చప్పుడు కూడా రాదు. నాలుగు నెలల లోపు పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. నెలలు నిండకుండా పుట్టినవారు, తక్కువ బరువువారు, ఆయాసం ఉన్నవారు, కండరాలు మెత్తగా ఉన్నవారు అయితే డాక్టరును అడగకుండా ఏ సంచిలోనూ పెట్టకండి.

మూడు రకాలు

మొదటిది గుడ్డతో కట్టుకొనేది. మన పాతచీర పద్ధతే. తేలిక, చౌక. కట్టడం బాగా వచ్చినవారికి తప్ప వీపున కట్టుకోవడం మంచిది కాదు. ముడి వదులైతే బిడ్డ జారిపోతాడు.

రెండవది మెత్తటి సంచి. భుజాలకు, నడుముకు వెడల్పాటి పట్టీలు, బక్కిల్స్ ఉంటాయి. బరువు కిలోకు అటూ ఇటూ. మడిస్తే చేతిసంచిలో పడుతుంది. రైలు, బస్సు, స్టేషన్ల వంతెనలు, గుడి క్యూలు – మామూలు ప్రయాణాలకు ఇది చాలు. బిడ్డ మన వీపుకు అంటుకొని ఉంటాడు కాబట్టి ఇద్దరికీ చెమట ఎక్కువ.

మూడవది అల్యూమినియం కమ్ములతో కుర్చీలా చేసినది. కొండ దారుల్లో గంటల తరబడి నడిచేవారి కోసం ఉద్దేశించినది. వీపుకూ బిడ్డకూ మధ్య గాలి ఆడుతుంది. పాదాలు పెట్టుకోవడానికి పట్టీలు, పైన ఎండ తగలకుండా గొడుగులాంటి కప్పు ఉంటాయి. కాని సంచి ఒక్కటే రెండున్నర, మూడు కిలోలుంటుంది. ఖరీదూ ఎక్కువే. రైలు బెర్తు కింద పట్టడం కష్టం. దీనిలో బిడ్డ తల మన తలకు సమానంగానో, ఇంకా పైకో ఉంటుంది. గుమ్మాలు, చెట్ల కొమ్మలు, ఆటోల పైకప్పులు చూసుకొని వంగాలి. నేల మీద నిలబెట్టడానికి దీనికి ఒక కాలు ఉంటుంది. అది బిడ్డను ఎక్కించడానికీ దించడానికీ మాత్రమే. కుర్చీ అనుకొని బల్లల మీద, మెట్ల మీద బిడ్డతో సహా వదిలి పక్కకు వెళ్ళకండి.

ఏడాదికి ఒక్కసారి కొండ ఎక్కేవారు 20,000 పోసి కమ్ముల సంచి కొనాలని నేను చెప్పను. మంచి నడుం పట్టీ ఉన్న మెత్తటి సంచి చాలు.

బిడ్డ వైపు నుంచి చూడవలసినవి

కూచొనే చోటు వెడల్పుగా ఉండాలి. ఒక మోకాలి వెనక నుంచి రెండవ మోకాలి వెనక దాకా తొడలను గుడ్డ మోయాలి. మోకాళ్ళు పిర్రలకు సమానంగా గాని, కొంచెం ఎత్తుగా గాని ఉండాలి. కప్ప కూచొన్నట్టు అనుకోండి. మొదటి ఆరు నెలల్లో తుంటి కీలు గట్టిపడే దశలో ఉంటుంది గనుక ఇది తప్పనిసరి. ఏడాది దాటిన పిల్లలకు కీలు గట్టిపడినా, సన్నటి గుడ్డ మీద వేలాడితే తొడల్లో రక్తప్రసారానికి అడ్డం పడి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మా అమ్మాయికి జరిగింది ఇదే.

వెనక ఆసరా బిడ్డ భుజాల దాకా ఉండాలి. నిద్రపోతే తల పక్కకు, వెనక్కు వేలాడకుండా ఆపే మెత్తటి భాగం ఉండాలి. కమ్ముల సంచిలో భుజాల మీదుగా, నడుం చుట్టూ, కాళ్ళ మధ్య నుంచి బిడ్డకు విడిగా పట్టీలు ఉండాలి. పసివాళ్ళు లేచి నిలబడాలని చూస్తారు. నడుం పట్టీ ఒక్కటే అయితే జారి పైకి వచ్చేస్తారు.

గుడ్డ గాలి ఆడేదై ఉండాలి. నల్లటి, దళసరి నైలాను మన ఎండలకు పనికిరాదు. అంచులు వేలితో తడిమి చూడండి. మీ వేలికి గీసుకొనేది బిడ్డ తొడకు కోసుకొంటుంది. బక్కిల్ పట్టుకొని గట్టిగా లాగండి. కుట్లు విడుతున్నాయేమో చూడండి. బిడ్డ నోటికి అందే చోట విడిపోయే గుండీలు, పూసలు ఉండకూడదు.

మోసేవారి వైపు నుంచి

బరువు మోయవలసింది నడుం ఎముకలు, భుజాలు కాదు. కాబట్టి వెడల్పాటి, మెత్తటి నడుం పట్టీ లేని సంచి ఎంత చవకైనా తీసుకోకండి. ముందు నడుం పట్టీ బిగించాలి. తరవాత భుజాలవి. ఆ తరవాత రొమ్ము మీద అడ్డంగా ఉండేది. సరిగా బిగిస్తే భుజాల పట్టీ కింద వేలు సులువుగా దూరుతుంది. బిడ్డ మన వీపుకు దగ్గరగా ఉండాలి. దూరంగా వేలాడితే అదే బరువు రెట్టింపు అనిపిస్తుంది.

ఇక లెక్క చూడండి. ఏడాదిన్నర బాబు బరువు 11 కిలోల దాకా ఉంటుంది. కమ్ముల సంచి 3 కిలోలు. నీళ్ళు, బట్టలు ఇంకో కిలోన్నర. మొత్తం 15 కిలోల పైమాటే. వీపున మోసే బరువు మన శరీర బరువులో అయిదో వంతు మించకుండా చూసుకోవడం మంచిది. 75 కిలోల మగవాడికి అది 15 కిలోలు. 50 కిలోల తల్లికి 10 కిలోలే. అంటే మన ఇళ్ళలో చాలామంది తల్లులకు బిడ్డ ఒక్కడే ఆ హద్దు దాటిపోతాడు. కొండ దారిలో తండ్రి గాని, మరిది గాని మోయడం మంచిది. ఇద్దరు మార్చుకొంటూ మోస్తే ఇంకా మంచిది. అటువంటప్పుడు పట్టీలు ఇద్దరి ఒంటికీ సర్దుకొనే సంచి తీసుకోండి. సామాను వేరొకరు మోయాలి.

గర్భిణీలు, కాన్పయి లేదా కడుపు ఆపరేషను అయి ఎంతో కాలం కానివారు, నడుం డిస్కు జారినవారు, మోకాళ్ళ నొప్పులవారు, తల తిరిగేవారు, గుండె జబ్బువారు వీపున బిడ్డను మోయకూడదు. "మనవణ్ణి నేనెత్తుకొంటాను" అని ముందుకొచ్చే నాయనమ్మలకు, అమ్మమ్మలకు నా నమస్కారం. ఎముకలు పెళుసుబారే ఆ వయసులో ఈ మోత వద్దు. నడుం వంచి కింద వస్తువు తీయబోతే బిడ్డ తల మీదుగా ముందుకు జారవచ్చు. ఎవరైనా సరే, మోకాళ్ళు వంచి కిందికి దిగాలి. మెడలో గొలుసులు తీసేయండి. పైటకొంగు పట్టీల కింద చిక్కుకోకుండా దోపుకోండి. మొక్కు ఉన్నవారు చెప్పులు లేకుండా ఎక్కుతారు. తడి మెట్ల మీద కమ్మీ పట్టుకొనే నడవండి.

బియ్యం మూటతో పరీక్ష

కొన్న సంచిలో ముందుగా 10 కిలోల బియ్యం మూట పెట్టండి. దాన్ని వీపున వేసుకొని ఇంటి మేడ మెట్లు ఇరవై నిమిషాలు ఎక్కి దిగండి. భుజాలు లాగుతున్నాయా, నడుం పట్టేసిందా తెలిసిపోతుంది. తరవాత బిడ్డను మంచం మీద నుంచి, పక్కన మరొక మనిషిని పెట్టుకొని ఎక్కించండి. మొదటి రోజు పది నిమిషాలు. ప్రయాణానికి వారం రోజుల ముందు నుంచి రోజూ కొంచెం పెంచండి. బిడ్డకూ అలవాటవుతుంది. దించాక తొడలు, చంకలు చూడండి. ఎర్రటి గీతలు పావుగంటలో పోకపోతే ఆ సంచి మీ బిడ్డకు సరిపడదు. ఫోనులో చూసి తెప్పించుకొనేవారు, తిరిగి తీసుకొంటారా లేదా ముందే చూసుకొని తెప్పించుకోండి.

దారిలో

అరగంటకు ఒకసారి దించండి. నిద్రపోతున్నా సరే దించండి. దించిన ప్రతిసారీ ఇవి చూడండి: మొహం రంగు, ఊపిరి, మెడ వెనక చెమట, పాదాలు వెచ్చగా ఉన్నాయా చల్లబడ్డాయా, తొడల మీద గాడి, ఒంటికి పోశాడా లేదా. పది నిమిషాలు నేల మీద ఆడనివ్వండి. మెట్ల దగ్గర చెయ్యి వదలకండి.

మోసేవాడి వెనక ఒక మనిషి నడవాలి. బిడ్డ మొహం మీద చూపు ఉంచడమే ఆ మనిషి పని. ముందుకు వెళ్ళి కొబ్బరికాయలు బేరమాడటం కాదు.

నడుస్తుండగా వీపున ఉన్న బిడ్డకు తినడానికి ఏమీ ఇవ్వకండి. పుట్నాలు, పల్లీలు, మరమరాలు, లడ్డూలోని జీడిపప్పు – ఇవి గొంతుకు అడ్డం పడితే మీకు దగ్గు కూడా వినబడకపోవచ్చు. దించి, కూచోబెట్టి, కళ్ళెదుట తినిపించండి. పలుకులున్న గింజలు, పప్పులు నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఎక్కడా పెట్టకపోవడమే మంచిది.

ఎండాకాలంలో ఎండ ముదరకముందే నడక ముగించేలా బయలుదేరండి. మీరు నడుస్తూ వేడెక్కుతారు, ఆ వేడి బిడ్డకూ తగులుతుంది. ఒక్క పొర నూలు బట్ట చాలు. ఆగిన చోటల్లా నీళ్ళో, తల్లిపాలో ఇవ్వండి. చలికాలంలో అరకు, లంబసింగి వంటి చోట్లకు వెళ్ళేవారికి ఇది తిరగబడుతుంది. నడిచేవాడికి చెమట పోస్తుంది, కదలకుండా కూచొన్న బిడ్డ మాత్రం గాలికి బిగుసుకుపోతాడు. మీకు ఉక్కపోస్తోందని బిడ్డ స్వెట్టరు విప్పకండి. మేజోళ్ళు, టోపీ తప్పనిసరి.

మరీ ఎత్తయిన హిమాలయ యాత్రల సంగతి వేరు. అమరనాథ్ యాత్రకు 13 ఏళ్ళ లోపు పిల్లల్ని అనుమతించరు. కేదారనాథ్ గుడి 3,500 మీటర్ల ఎత్తు దాటి ఉంది. అంత పలచటి గాలిలో ఏడాది, రెండేళ్ళ బిడ్డ తనకేమవుతోందో నోటితో చెప్పలేడు. ఎంత మంచి సంచి ఉన్నా ఆ మొక్కు బిడ్డ పెద్దయ్యాక తీర్చుకోవచ్చు.

సంచిని వాహనంలో వాడకండి. కారులో బిడ్డకు వేరే సీటు ఉండాలి. బస్సులో దించి ఒళ్ళో కూచోబెట్టుకోండి. స్కూటరు మీద వీపున బిడ్డను తగిలించుకొని వెళ్ళేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లలకు ద్విచక్ర వాహనం మీద వారికోసం చేసిన రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించరాదనీ 2022లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నడకకోసం కుట్టిన సంచి ఆ రక్షణ పట్టీ కాదు.

బిడ్డ లేపినా లేవకపోయినా, ఒళ్ళు కాలుతున్నా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, వాంతులవుతున్నా, ఎగశ్వాస కనబడినా ప్రయాణం అక్కడితో ఆపండి. నీడకు చేర్చి ఒళ్ళు తడిపి విసరండి. పూర్తి తెలివిలో ఉంటేనే కొద్దికొద్దిగా నీళ్ళు పట్టండి. 108కు ఫోను చేయండి, లేదా దగ్గరలో ఉన్న వైద్య కేంద్రానికి తీసుకుపోండి.

అత్తగారి భయాలు

ఇక తెనాలి సోదరి అత్తగారి అనుమానాలు. సరిగా కూచోబెడితే నడుం వంగదు. పిల్లల కాళ్ళు రెండేళ్ళ దాకా కొంచెం విల్లులా వంగి ఉండటం సహజం. సంచి వల్ల దొడ్డికాళ్ళు రావు. రెండేళ్ళు దాటాక కూడా వంపు తగ్గకపోతే, లేక పెరుగుతూ ఉంటే విటమిన్ డి లోపం ఉందేమో చూపించుకోవాలి. రోజంతా సంచిలోనే ఉంచితే నడక నేర్చుకొనే అవకాశం తగ్గుతుంది గాని, ప్రయాణంలో నాలుగు గంటలు మోసినంత మాత్రాన నడక ఆలస్యం కాదు. అయినా పెద్దావిడ మాటను తోసివేయకండి. 'బిడ్డకు నొప్పేమో చూడండి' అన్నదే ఆమె మాటల సారాంశం. ఆ పని చేయకే నేను చెడ్డాను.

అమ్మా, మీకు నా సలహా ఇది. కాళ్ళ మధ్య వెడల్పు, గట్టి నడుం పట్టీ ఉన్న మెత్తటి సంచి తీసుకోండి. మీ వారూ, మరిదీ మార్చుకొంటూ మోయాలి. మీరు వెనక నడవండి. అలిపిరి దారికి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారికి 2,388 మెట్లు. రెండవది తక్కువే గాని నిటారు. బాబుతో అయితే ఎక్కడైనా ఆగి ఆగి వెళ్ళవలసిందే, కాబట్టి మామూలుగా పట్టే వేళకు ఇంకో రెండు గంటలు కలుపుకోండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాప చిరుత బారిన పడి చనిపోయింది. ఆ తరవాత పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టారు. అవి మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు కనుక్కోండి. సగం దారిలో బాబు నలిగిపోతే వెనక్కు తిరగండి. బస్సెక్కి వెళ్ళినా దేవుడు కాదనడు.

మా అమ్మాయికి ఇప్పుడు ఒక కొడుకు. పోయిన ఏడు వాణ్ణి తీసుకొని వాళ్ళూ అదే దారిన కొండ ఎక్కారు. బయలుదేరే ముందు రోజు రాత్రి మా అల్లుడు బియ్యం మూట వీపున వేసుకొని మేడ మెట్లు ఎక్కి దిగుతుంటే, మా ఆవిడ గడియారం పట్టుకొని కింద నిలబడింది. అరగంటకోసారి దించమని నేను చెప్పబోయాను. "మీరు చెప్పనక్కరలేదు, నేను చెప్పాను" అంది.

(వచ్చేవారం: ప్రయాణంలో పిల్లలకు వాంతులు)